ఇల్లే పనిశాల

“మీ కోడలు ఏమి చేయుచున్నది?” అని పల్లెలో నడిగినచో, “ఏమున్నది, ఇంటిపట్టుననే యున్నది” అను జవాబు తరచుగా వినవచ్చును. ఇంటిపట్టున నున్నంత మాత్రమున పని చేయనట్లు కాదు. ఈ పొరపాటు వలన కలుగు నష్టమును పంచాయతీ సభ్యులు గుర్తింపవలెనని మా మనవి.

నరసాపురము ప్రాంతమున స్త్రీలు నూరేండ్లకు పైగా ఇంటి వసారాలలో కూర్చుండి లేసు అల్లుచున్నారు. ఆ లేసు విదేశములకు ఎగుమతి యగుచున్నది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయినను, 1982లో వెలువడిన తన గ్రంథమున మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఒక సత్యమును వెల్లడించినది. గంటలకొలది సాగు ఆ శ్రమను తీరికవేళ వ్యాపకముగా నెంచుటచే వారి కూలి మిక్కిలి తక్కువగా నుండెను.

నేడు కుట్టుసూది స్థానమున కంప్యూటరు వచ్చినది. 2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు, నగరోద్యోగినులు పలువురు స్వగ్రామములకు వచ్చి, ఇంటినుండియే పని సాగించిరి. స్త్రీలకు ఇట్టి అవకాశములు పెంచెదమని 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ప్రకటించిరి. అవకాశముతో పాటు పాత పొరపాటు రాకుండ చూచుకొనవలెను.

ఇందుకు పెద్ద భవనము అక్కరలేదు. గదిలో ఒక మూల చాలును. వెలుతురు ప్రక్కనుండి పడునట్లు బల్లను కిటికీ చెంత వేయవలెను. వీపునకు ఆనుడుగల కుర్చీ యుండవలెను. విద్యుత్తు తీగలకు ఎర్తు తప్పనిసరి. అన్నిటికంటె ముఖ్యమైనది ఇంటివారి సహకారము. పనివేళ ఆమె కార్యాలయమునకు వెళ్ళినట్లే భావించి, నీరు పట్టుట, పిల్లలను చూచుట మగవారును పంచుకొనవలెను.

ఇంటి గోడల లోపలి సంగతి మనకేల యని సభ్యులు తలపరాదు. 2011లో మంజూరై, తరువాత భారత్‌నెట్ అను పేరు పొందిన పథకము గ్రామపంచాయతీలకు ఫైబరు తీగను చేర్చుటకే యేర్పడినది. మీ యూరిలో ఆ తీగ పనిచేయుచున్నదా? అచటినుండి ఇండ్లకు చేరు మార్గమేది? విచారింపుడు. విద్యుత్తు నిలుపు వేళలు ముందుగా తెలియునట్లు చూడుడు. అంగన్‌వాడీ వేళకు తెరచినచో తల్లికి నిశ్చింత. ఒకే గది యిల్లు గలవారికై పంచాయతీ భవనమున ఒక గదిని కేటాయించినచో మంచిది. ఇంటినుండి పని యిప్పింతుమని ముందుగా సొమ్ము గుంజు మోసగాండ్రును గలరు. మోసపోయినవారు 1930 నంబరునకు వెంటనే ఫోను చేయవలెనని చాటింపుడు.

వచ్చు గ్రామసభలో, ఇంటివద్ద లేసు అల్లువారు, బీడీలు చుట్టువారు, బట్టలు కుట్టువారు, కంప్యూటరుపై పనిచేయువారు ఎందరో లెక్కించి, వారి అవసరములను వారి నోటనే వినుడు. పని చేయువారిని పని చేయువారుగా గుర్తించుటయే మనము చేయవలసిన మొదటి పని.