నలుగురికి ఎన్ని లీటర్ల గీజర్?

ప్రశ్న: ఇంట్లో నలుగురం, బాత్‌రూమ్ ఒక్కటే. బోరు నీళ్లు వాడతాం. 15 లీటర్ల గీజర్ సరిపోతుందా, 25 లీటర్లది కొనాలా?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: చలికాలంలో కుళాయి నీళ్లు 20 డిగ్రీలు ఉన్నాయనుకోండి. 15 లీటర్ల గీజర్‌లో 60 డిగ్రీలకు కాగిన నీళ్లకు అన్నే చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల వేణ్నీళ్లు 30 లీటర్లు వస్తాయి. అంటే 20 లీటర్ల బకెట్ ఒకటిన్నర. 2 కిలోవాట్ల గీజర్‌లో మళ్లీ నీళ్లు కాగడానికి 20 నిమిషాలు దాటుతుంది. పొద్దున్నే బడికీ ఆఫీసుకూ పరుగులు తీసే ఇంట్లో అంతసేపు ఆగడం కష్టం. మీరు 25 లీటర్లదే తీసుకోండి. రెండున్నర బకెట్లు వస్తాయి, ఇద్దరి స్నానం వెంటవెంటనే అయిపోతుంది. అంతకన్నా పెద్దది వద్దు. వాడని నీళ్లు కాచినా కరెంటు దండగే. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ వంటగది సింకుకు చాలు.

బోరు నీళ్లకు గ్లాస్‌లైన్డ్ ట్యాంకు మంచిది. లోపలి ఆనోడ్ రాడ్ అరిగిందేమో ఏటా చూపించండి. 16 ఆంపియర్ల సాకెట్, ఎర్తింగ్ లేకుండా మాత్రం బిగించనివ్వకండి.