పశువు పొట్టలో తయారయ్యే బి-12 విటమిను

తనిఖీకి వెళ్ళిన సంఘాలలో ఖనిజ లవణ మిశ్రమం సంచులు మూతి విప్పకుండా మూలన పడి ఉండటం మేము తరచు చూస్తున్నాము. "పచ్చగడ్డి ఉండగా ఈ పొడి ఎందుకండీ?" అని సభ్యులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే.

పూర్వం పశ్చిమ ఆస్ట్రేలియాలో కొన్నిచోట్ల పశువులు, గొర్రెలు నిండు బీళ్ళలోనే మేత మాని, చిక్కి చనిపోయేవి. ఒక రకం ఇనుప ఖనిజం తినిపిస్తే కోలుకొనేవి. ఇనుము లోపమే అనుకొన్నారు. పని చేసినది ఇనుము కాదనీ, అందులో లేశమాత్రంగా ఉన్న కోబాల్టు అనీ 1935లో తేలింది.

1948లో బి-12 విటమినును వేరు చేసిన తరువాత అసలు కారణం బోధపడింది. ఈ విటమినును మొక్క గాని, పశువు గాని తయారు చేయలేదు. నెమరువేసే పశువు పెద్ద పొట్టలోని బాక్టీరియా చేస్తుంది. అది ఒక వలయం వంటి పదార్థాన్ని అల్లుతుంది. ఆ వలయం నడుమ కోబాల్టును బిగించే ఎంజైమే కోబాల్టు కీలేటేజి. మేతలో కోబాల్టు లేకుంటే ఎంజైము ఉండీ బిగించేదేమీ లేదు.

మేత పులిసినపుడు వచ్చే ప్రొపియోనిక్ ఆమ్లాన్ని గ్లూకోజుగా మార్చుకొనేందుకు పశువుకు బి-12 కావాలి. పాలలోని చక్కెర తయారయ్యేది ఆ గ్లూకోజు నుండే. మాంసాహారం లేని ఇళ్ళలో మనుషులకు బి-12 అందేదీ ముఖ్యంగా పాల ద్వారానే.

కావలసినది కిలో ఎండు మేతకు 0.1 నుండి 0.2 మిల్లీగ్రాములు మాత్రమే. ఎక్కువైతే విషం, కనుక విడిగా కోబాల్టు కొని వేయరాదు. మిశ్రమాన్నే సంచిపై వ్రాసిన మోతాదులో రోజూ దాణాలో కలపాలి. నట్టలున్నా పశువు ఇట్లాగే చిక్కుతుంది, ముందు పశువైద్యునికి చూపండి.