‘ఛీ’ అనకముందు, నమ్మకముందు

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పాసింజరు బండిలో మధ్యాహ్నం పూట క్యారేజీలు విప్పితే మన డెల్టా అంతా ఆ పెట్టెలోనే కనిపిస్తుంది. ఒకరిది గోంగూర పచ్చడి, ఒకరిది ఎండురొయ్యల ఇగురు, ఒకరిది వేటకూర. పక్క సీటులో పిల్లవాడు ముక్కు మూసుకుని “ఛీ, కంపు” అంటాడు. ఆ గిన్నె విప్పిన మనిషి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో పిల్లవాడి తల్లి ఏమందో, ఏమనకుండా ఊరుకుందో, అదే వాడికి ఆ రోజు పాఠం.

‘ఛీ’ అనడం పిల్లలకు పుట్టుకతో రాదు. మన ముఖం చూసి నేర్చుకుంటారు. మన మాటల్లోనే ఆ ముల్లు ఉంది. చేపనూ మాంసాన్నీ ‘నీచు’ అంటాం. చెడ్డపనిని ‘నీచం’ అంటాం. రెండు మాటలూ ఒకేచోట వినే పసివాడికి తిండికీ మనిషి విలువకీ ముడి పడిపోతుంది. పెద్దకూర మాట వచ్చేసరికి చాలా ఇళ్ళలో పెద్దల గొంతు మారుతుంది. పిల్లలకు ఆ మార్పు చాలు.

మీ ఇంట్లో మాంసం ముట్టకపోతే ముట్టకండి. పంది తినకపోతే తినకండి. అది మీ ఆచారం, మీ నమ్మకం, దాన్ని పిల్లలకు చెప్పే హక్కు మీకుంది. చెప్పే తీరు మాత్రం చూసుకోండి. “మనం తినం” అనండి. “అది తినేవాళ్ళు అలాంటివాళ్ళు” అనకండి. మొదటి మాట ఇంటి కట్టుబాటు. రెండోది పొరుగువాడి మీద తీర్పు.

బాపట్ల, రేపల్లె పొలాల్లో యానాదులు ఎలకలు పడతారు. కలుగుల్లో కుండతో పొగబెట్టి, బుట్టలు పెట్టి పడతారు. రైతే పిలిచి కూలి ఇచ్చి పట్టిస్తాడు. పట్టిన ఎలకల్ని వాళ్ళలో చాలామంది వండుకు తింటారు. వాళ్ళ పిల్లల్ని బడిలో ఆ తిండి పేరుతోనే వెక్కిరిస్తే, వెక్కిరించిన పిల్లవాడికి ఒక సంగతి చెప్పండి. నీ కంచంలోకి వచ్చిన అన్నం చేలో ఉండగా ఎలకల పాలు కాకుండా కాపాడిన చేతుల్లో వాళ్ళ నాన్న చేతులూ ఉండొచ్చు. ఇది తెలిసిన పిల్లవాడు మళ్ళీ వెక్కిరించడు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు మనవాళ్ళు. చైనాలో హెబెయ్ ప్రాంతంలో గాడిద మాంసం రొట్టెలో పెట్టుకుని తింటారు. దక్షిణ కొరియాలో తరతరాలుగా కుక్క మాంసం తిన్నారు. 2024 జనవరిలో అక్కడి పార్లమెంటే మాంసం కోసం కుక్కల్ని పెంచడం, కోయడం, అమ్మడం నిషేధిస్తూ చట్టం చేసింది, ఆ నిషేధం అమలు 2027 నుంచి. ఏది తిండి, ఏది కాదు అన్నది ఊరిని బట్టీ కాలాన్ని బట్టీ మారుతుంది. ఇది పిల్లలకు తెలియాలి.

అయితే గౌరవం ఒకటి, గుడ్డి నమ్మకం ఒకటి. మన ప్రాంతంలో ఈ రెండూ కలగలిసిపోయేది గాడిద విషయంలో.

గాడిద మాంసం తింటే నడుంనొప్పి పోతుందని, ఆయాసం తగ్గుతుందని, బలం వస్తుందని బాపట్ల చుట్టుపక్కల చాలాకాలంగా నమ్మకం ఉంది. రక్తం తాగి పరిగెత్తితే ఎవరికీ అందరనే కథ మరీ పాతది. 2021లో వచ్చిన ‘క్రాక్’ సినిమా దాన్ని తెరమీద చూపించాక చిన్నపిల్లలకూ తెలిసింది. మీ అబ్బాయి వచ్చి “నాన్నా, నిజమేనా?” అని అడిగితే కసరకండి. కూర్చోబెట్టి చెప్పండి.

గాడిద రక్తంలో పరుగు లేదు. పచ్చినెత్తురులో రోగక్రిములు ఉండొచ్చు. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాల నుంచి, గాడిదల నుంచి మనుషులకు అంటుకోగలదు. ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల్లో మాంసానికి కోసే జంతువుల జాబితాలో గాడిద లేదు. అందుకే దాన్ని పశువైద్యుడు పరీక్షించి ముద్ర వేసే ఏర్పాటే ఉండదు. 2022 అక్టోబరులో బాపట్లలో పోలీసులు దాడిచేసి వందల కిలోల గాడిద మాంసం పట్టుకున్నారు. పశుగణన ప్రకారం దేశంలో 2012లో సుమారు 3 లక్షల 20 వేలున్న గాడిదలు 2019కి లక్షా 20 వేలకు పడిపోయాయి. బరువులు మోసే పని తగ్గడం ఒక కారణమైతే, ఈ కోత మరొకటి. పరుగు కావాలంటే సాధన కావాలి, నిద్ర కావాలి, పప్పు, గుడ్డు, చేప, తోటకూర కావాలి.

ఆ కథకు ఇంకో కొస ఉంది, అదీ చెప్పండి. గాడిద రక్తం కథను తరచుగా అంటగట్టేది బాపట్ల దగ్గరి స్టువర్టుపురానికి. బ్రిటిష్ వాళ్ళు 1871లో చట్టం చేసి కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేశారు. అలాంటి ముద్ర పడిన ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో స్థిరపరచిన ఊరది. ఆ చట్టం 1952లో రద్దయింది. కథ మాత్రం రద్దు కాలేదు. తిండి గురించి మొదలైన మాట ఒక ఊరి బిడ్డలందరినీ దొంగలనే మాటగా ముగుస్తుంది. ఆ కథను తమాషాగా చెప్పే ముందు, ఆ ఊరి నుంచి మీ పిల్లల బడికి వచ్చే పిల్లల్ని తలుచుకోండి.

పసిబిడ్డల తల్లులకు ఒక మాట. గాడిదను వెంటబెట్టుకుని వీధిలోకి పాలు అమ్మేవాళ్ళు వస్తారు. బిడ్డకు ఉబ్బసం రాదనో, నెమ్ము తగ్గుతుందనో అత్తగారో అమ్మమ్మో ఉగ్గుగిన్నెడు పోయించమంటారు. వాళ్ళది ప్రేమే, కాదనను. గాడిద పాలు కొంతవరకు తల్లిపాలను పోలి ఉంటాయన్నదీ నిజమే. కానీ అప్పటికప్పుడు పిండిన పచ్చిపాలు పసికడుపుకు ప్రమాదం. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదు. బిడ్డకు ఆయాసంగా ఉంటే ఆగకండి, పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. “అమ్మమ్మా, డాక్టరును అడిగి పోద్దాం” అంటే పెద్దవాళ్ళూ నొచ్చుకోరు.

రేపు మీ పిల్లలు ఎవరి తిండి గురించైనా నోరు తెరిచినప్పుడు రెండు ప్రశ్నలు నేర్పండి. ఈ మాట వింటే ఆ మనిషి నొచ్చుకుంటాడా? నేను విన్నది నిజమేనా, ఎవరు తేల్చారు? మొదటి ప్రశ్న వాళ్ళ నోటిని కాస్తుంది, రెండోది వాళ్ళ ఒంటిని కాస్తుంది. ఈ రెండూ నేర్పడానికి పుస్తకం అక్కర్లేదు. ఈ రాత్రి అన్నం దగ్గర కూర్చున్నప్పుడే మొదలుపెట్టండి.