గాజుతొట్టిలో సముద్రము

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, ఆత్మకూరు ఉదయగిరి సీమలలో, అనుమసముద్రముపేట యను గ్రామము కలదు. అచటి దర్గాను దర్శించుటకు దూరప్రాంతములనుండి యాత్రికులు వత్తురు. పేరు మాత్రము విన్నవారు సముద్రము చేరువనే యున్నదని తలంపవచ్చును. కాని అది మెట్టసీమ. కెరటముల చప్పుడు అచటికి వినరాదు. పెద్ద చెరువులకు సముద్రమనియు సాగరమనియు పేరిడుట తెలుగునేలపై పూర్వాచారము. ఉదయగిరి రాజ్యమును పాలించిన విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369 లో పోరుమామిళ్ల కడ కట్టించిన చెరువునకు అనంతరాజసాగరమని పేరు. ఆ చెరువును గూర్చిన శాసనమున, మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములును, ఉండరాని ఆరు దోషములును చెప్పబడినవి. ఆ దోషములలో చవుడునేల యొకటి. నీటికి ఉప్పు తగులుట పెద్ద కీడని నాటివారు ఎరుగుదురు.

అట్టి సీమలో నేడు ఎవరైన ఉప్పునీటినే కోరి కూర్చుకొని, ఇంటిలో ఒక గాజుతొట్టియందు నిలిపి, సముద్రజీవులను పెంచదలచినచో ఏమి చేయవలెను? ఇది అసాధ్యము కాదు. అయితే రంగురంగుల చేపలను చూచి ముచ్చటపడి, ముందుగా చేపలను కొని, పిదప నీటిని గూర్చి ఆలోచించువారి ప్రయత్నము వారము దినములలోనే ముగియును. ఈ పనిలో పెంచవలసినది మొదట నీరు, చేప తరువాత.

సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు కరగియుండును. అందులో నూటికి 85 వంతులు మనము తిను ఉప్పే. తక్కిన 15 వంతులలో మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మొదలగువాని లవణములు కలవు. నత్తకు గుల్ల కట్టుకొనుటకు కాల్షియము కావలెను. తక్కిన లవణములకును సముద్రజీవుల శరీరములలో వేరువేరు పనులు కలవు. కావున వంటింటి ఉప్పును నీటిలో కలిపినంతమాత్రమున అది సముద్రపునీరు కాజాలదు. నెల్లూరు తీరమున ఇస్కపల్లి మొదలగు తావులందలి ఉప్పుకొటార్లను చూచినవారికి దీని కారణము తేలికగా బోధపడును. మడులలో నీరు ఎండి ఉప్పు పేరుకొనిన పిదప అడుగున చేదునీరు కొంత మిగులును. మెగ్నీషియపు లవణములు ఎక్కువగా ఆ చేదునీటిలోనే నిలిచిపోవును. ఉప్పు మనకు చేరును, చేదునీరు చేరదు. సముద్రజీవులకో, రెండును కావలెను.

తీరమునుండి నీటినే తెచ్చుకొనరాదా యని కొందరడుగుదురు. 1909 లో చెన్నపట్టణమున మెరీనా తీరముపై సముద్ర మత్స్యశాల తెరవబడినది. నెల్లూరు జిల్లా ఆనాడు చెన్నరాజధానిలో చేరియుండెను. ఆ మత్స్యశాలకు మూలపురుషుడు అచటి వస్తుప్రదర్శనశాల అధ్యక్షుడగు ఎడ్గార్ థర్‌స్టన్. రెండవ ప్రపంచ యుద్ధకాలమున మూతపడువరకు అది జనులను అలరించెను. సముద్రము ఎదుటనే యుండుటచే దానికి నీటికై వెదకుకొనవలసిన పనిలేదు. మెట్టసీమలోని ఇంటికి ఆ సౌకర్యము లేదు. పైగా ఒడ్డుననున్న నీటిలో మట్టియు మురుగును కలియుచుండును; ఈశాన్య ఋతుపవన కాలమున పెన్నకు వరద వచ్చినచో నదీముఖమున నీటి ఉప్పదనమే తగ్గిపోవును. కావున సముద్రలవణములన్నియు తగుపాళ్లలో కలిపి అమ్ము మిశ్రమమును శుద్ధమైన నీటిలో కరగించుటయే మేలు. బోరుబావి నీరు పనికిరాదు. మెట్టసీమలందు దానిలో అంతకుముందే పలు లవణములు కరగియుండును. ఊళ్లలోని శుద్ధజల కేంద్రములు 20 లీటర్ల క్యానులలో నింపి యిచ్చు నీరు ఇందుకు తగినది. నూరు లీటర్ల తొట్టికి అట్టి క్యానులు అయిదును, లవణమిశ్రమము మూడున్నర కిలోలును కావలెను. ఆ నీటిని రాగిబిందెతో మాత్రము మోయరాదు. త్రాగునీటికి రాగిపాత్ర మంచిదని పెద్దలు చెప్పుట నిజమే కావచ్చును. కాని అత్యల్పమైన రాగి కరగినను రొయ్యలును నత్తలును చచ్చును.

నీటి ఉప్పదనమును నాలుకతో నిర్ణయింపరాదు. పాలకేంద్రములలో పాలను పరీక్షించు లాక్టోమీటరు వంటిదే హైడ్రామీటరను పరికరము. మంచినీటి సాంద్రతను 1 అనుకొనినచో సముద్రజలపు సాంద్రత సుమారు 1.025 ఉండవలెను. ఇది ఒకనాడు సరిచూచి విడిచిపెట్టదగినది కాదు. ఎండకు నీరు ఆవిరియగును, ఉప్పు ఆవిరికాదు. నూరు లీటర్లలో పది లీటర్లు ఆవిరియైనచో మూడున్నర కిలోల ఉప్పు తొంబది లీటర్లలో మిగిలి, లీటరునకు 35 గ్రాములకు మారుగా సుమారు 39 గ్రాములగును. అప్పుడు తగ్గిన నీటిని ఉప్పునీటితో నింపినచో తొట్టి క్రమముగా ఉప్పుమడి యగును. నింపవలసినది మంచినీరే. తెలివిగల పెంపకందార్లు తొట్టి గాజుపై నీటిమట్టము కడ ఒక గీత గీసి, ప్రతిదినమును ఆ గీతవరకు మంచినీరు పోయుదురు. సముద్రపు చేప శరీరమునుండి నీరు ఎల్లప్పుడును వెలుపలి ఉప్పునీటిలోనికి లాగబడుచుండును. ఆ లోటు తీర్చుకొనుటకు అది సముద్రజలమునే త్రాగి, అధికమైన ఉప్పును మొప్పలద్వారా విసర్జించును. నీటి ఉప్పదనము పెరిగినకొలది దాని శ్రమయు పెరుగును.

ఇంతవరకు చెప్పినది కంటికి కనబడునది. తొట్టికి ప్రాణమైనది కంటికి కనబడదు. చేపల మొప్పలనుండి అమ్మోనియా వెలువడుచుండును; మిగిలిన మేత క్రుళ్లినను అమ్మోనియాయే పుట్టును. అది విషము. విశాల సముద్రమున అది చెదరిపోవును; గాజుతొట్టిలో పోవుటకు దారి యేది? ఈ పని చేయునవి సూక్ష్మజీవులు. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును, అదియు విషమే. వేరొక తెగ నైట్రైటును నైట్రేటుగా మార్చును; అది చాలవరకు సాధువు. రష్యా దేశీయుడగు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతమున ఈ జీవులను నేలనుండి వేరుచేసి చూపెను. పెన్న మాగాణులలో రైతు చల్లిన ఎరువు పైరుకు అందునట్లు మార్చుచున్నవియు ఇట్టి జీవులే. పొలమునకు మేలు చేయునవే తొట్టికిని మేలు చేయుచున్నవి.

అవి తొట్టిలోని రాళ్లపైనను ఇసుకపైనను నెలకొనవలెను. అందుకు నాలుగు వారములనుండి ఆరు వారములు పట్టును. అంతవరకు చేపలు లేని తొట్టిలో చిటికెడు మేత వేసి క్రుళ్లనిచ్చి, అమ్మోనియా పెరిగి తరుగుటను, దాని వెంబడి నైట్రైటు పెరిగి తరుగుటను, రంగు మారు ద్రావణములతో పరీక్షించుచుండవలెను. పాలలో తోడు వేసినట్లు, చక్కగా సాగుచున్న వేరొక తొట్టినుండి పిడికెడు ఇసుక తెచ్చి వేసినచో పని త్వరపడును. రెండు విషములును శూన్యమైన పిదపనే చేపకు ప్రవేశము. పాలు తోడుకొనకముందే కవ్వము పెట్టువారు లేరు గదా! కాని ఖాళీతొట్టిని నెలదినములు చూచుచు కూర్చుండు ఓపిక పెద్దలకును అరుదు. ఆ పిమ్మట వారమునకొకమారు పదవవంతు నీటిని తీసి క్రొత్త ఉప్పునీరు పోయుచున్నచో, పేరుకొను నైట్రేటు తగ్గుచుండును.

చిన్నతొట్టి సులభము, పెద్దతొట్టి కష్టము అని తోచుట సహజము. నిజము దీనికి విరుద్ధము. నీరు ఎంత తక్కువయైన దాని వేడియు, ఉప్పదనమును, మాలిన్యమును అంత త్వరగా మారును. ఒక చేప చచ్చి మరుగున పడియున్నచో, వేయి లీటర్లలో కలుగని ఉపద్రవము ఇరువది లీటర్లలో తెల్లవారునప్పటికి కలుగును. అందుచే ఇంటికి నూరు లీటర్లకు తగ్గని తొట్టి మంచిది. రాళ్లతో కూడ దాని బరువు మనుష్యులిద్దరి బరువును మించును గనుక గట్టిపీట కావలెను.

ఈ సీమలో అన్నిటికంటె కఠినమైన శత్రువు వేడి. చలిదేశములవారు తొట్టినీటిని వేడిచేయు యంత్రముల గూర్చి వ్రాయుదురు. మే మాసమున 40 డిగ్రీలు దాటు నెల్లూరు జిల్లాలో చల్లబరచుటయే సమస్య. తొట్టినీరు 24 డిగ్రీలనుండి 27 డిగ్రీల వరకు ఉండదగును. నీటిపై గాలి వీచునట్లు చిన్న పంకా అమర్చినచో నీరు ఆవిరియగుచు రెండు మూడు డిగ్రీలు చల్లబడును. కుండలో నీరు చల్లబడుటయు ఇట్లే. అయితే ఆవిరి హెచ్చినకొలది ఉప్పదనము హెచ్చును. గీతవరకు మంచినీరు పోయు పని దినమునకు రెండుమారులగును. ఒక ఉపాయము వేరొక పనిని తెచ్చిపెట్టుట ఈ విద్యలో పరిపాటి. విద్యుత్తు పోయినచో ఏమగును? నీటిని కదలించు పంపు ఆగును, పంకా ఆగును. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. ఉప్పునీటిలో మరియు తక్కువ. కొన్ని గంటలలో చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచును. బ్యాటరీతో గాలిబుడగలు వెలువరించు చిన్న పంపు ఇంటనుండుట తప్పనిసరి. అది లేనివారు గిన్నెతో నీరు ముంచి ఎత్తునుండి పోయుచుండవలెను. అదియు ప్రాణములు నిలుపును.

తొట్టియనగానే పగడపుదిబ్బలు మదిలో మెదలును. పగడము రాయి కాదు, చెట్టును కాదు. అది వేలకొలది చిన్నజీవుల సంఘము. తమ దేహములలో నివసించు సూక్ష్మమైన శైవలములు వెలుగున వండి యిచ్చు ఆహారముతో బ్రతుకుచు, సున్నపు గూళ్లు కట్టుచుండును. నీటివేడి వేసవి హద్దును ఒకటి రెండు డిగ్రీలు దాటి కొన్ని వారములున్నచో ఆ శైవలములు వెడలిపోయి పగడము తెల్లబడును. అట్లే యుండిన చచ్చును. 1998 లో లక్షద్వీపములందు ఇట్లే పగడములు విరివిగా నశించినవి. 2016 లో మన్నారు సింధుశాఖయందును తెల్లబడినవి. పెన్న మొదలగు నదుల ఒండ్రు కలియుటచే నెల్లూరు తీరమున పగడపుదిబ్బలు లేవు. కావున ఇంటితొట్టికి పగడము కావలెనన్నచో ఎచటనో దిబ్బను విరువవలసినదే.

ఇట్టి విరుపు ఒకప్పుడు ఇంగ్లండున జరిగినది. ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1854 లో సముద్రపు తొట్లను గూర్చి గ్రంథము ప్రకటించెను. అది చదివి జనులు తండోపతండములుగా తీరమునకు పోయి, రాతిగుంటలలోని జీవులను ఏరి తెచ్చుకొనిరి. తెచ్చినవానిలో హెచ్చుభాగము చచ్చెను. తండ్రి వెంట బాల్యమున ఆ గుంటలను చూచిన ఎడ్మండ్ గాస్, వాని శోభ నశించిపోయినదని 1907 నాటి తన గ్రంథమున విలపించెను. తండ్రి కోరినది ప్రకృతిపై ప్రేమ కలిగించుటయే; ఫలితము వేరైనది. భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001 లో పగడములును, సముద్రపు గుఱ్ఱములును చేర్చబడినవి. వానిని పట్టుట, విరుచుట, అమ్ముట దండనార్హములు. చచ్చిన పగడపు ముక్కకును ఈ నిషేధము వర్తించును. దుకాణదారుడు చవుకగా ఇచ్చినను పుచ్చుకొనరాదు. సూక్ష్మజీవులకు నివాసముగా మెరుగు పూయని కాల్చిన మట్టిపెంకులను, గ్రానైటు రాళ్లను పేర్చినచో చాలును. లోహపు మెరుపు గల రాళ్లు మాత్రము వలదు. ఇట్లమర్చినది పగడపుదిబ్బ కాదు, నిజమే. కాని దిబ్బలందు తిరుగు చేపలకు దాగుటకు గుహలును, ఈదుటకు సందులును దొరకినచో వానికి కొరత లేదు.

చేపలలో తొట్టికి మిక్కిలి అనుకూలమైనది నారింజవన్నె దేహముపై తెల్లని చారలు గల క్లౌన్ చేప. 1947 లో స్థాపింపబడిన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనాసంస్థ ఈ చేపలను తొట్లయందే గ్రుడ్లు పెట్టించి పెంచు పద్ధతులను రూపొందించినది. అట్లు పెంపకములో పుట్టిన చేపనే కొనవలెను. సముద్రమునకు నష్టము లేదు, చేపయు మేతకు వెంటనే అలవాటుపడును. నూరు లీటర్లకు ఒక జంటయు, నాలుగైదు నత్తలును చాలును. తెచ్చిన సంచిని కొంతసేపు తొట్టినీటిపై తేలనిచ్చి, పిదప గంటసేపు తొట్టినీటిని కొంచెము కొంచెముగా సంచిలో కలుపుచు, కడపట చేపను మాత్రమే వలగుడ్డతో తీసి తొట్టిలో విడువవలెను. మేత రెండు నిమిషములలో తిని ముగించునంత చాలును. చేపలు ఎల్లప్పుడును ఆకలిగొన్నట్లే కనబడును, వానిని నమ్మరాదు.

ఈ చేపల సంసారము చిత్రమైనది. పుట్టుకతో అన్నియు మగవే కాగలవు. గుంపులో పెద్దది ఆడుదగును, దాని తరువాతిది దాని జోడగును. ఆడుచేప చచ్చినచో మగచేప ఆడుదగును. రెండింటికి కుదిరినచో నునుపైన పెంకుపై గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లకు రెక్కలతో గాలివిసరు పని, చెడినవానిని ఏరివేయు పని హెచ్చుగా తండ్రిది. వారము పది దినములకు, చీకటిపడిన పిమ్మట, అవి పొదుగును. ఆ సమయమున తొట్టిలో మంచినీరు పోయుటకు చేయి పెట్టినచో, వ్రేలెడు లేని ఆ తండ్రిచేప దూసికొని వచ్చి చేతిని కరచును.