‘నాకూ సేమ్’ అంటే సరిపోదు: బగ్ రిపోర్ట్ రాయడం ఎలా?

పోయిన ఎండాకాలం మార్కాపురంలో మా వీధిలో ఒక రాత్రి కరెంట్ పోయింది. అందరూ లైన్‌మన్‌కి ఫోన్ చేశారు. నేనూ చేశా. అందరం చెప్పింది ఒకటే ముక్క: “అన్నా, కరెంట్ లేదు.” పాపం ఆయన ప్రతి ఫోనూ ఎత్తి “చూస్తున్నానమ్మా” అంటున్నాడు. చివరికి మూల మీద కొట్టు తాత ఫోన్ తీసుకుని, “అబ్బాయ్, వీధిలో ఎడమ పక్క ఇళ్లకి ఉంది, కుడి పక్క ఇళ్లకి లేదు. పోయే ముందు పలకల షెడ్డు దగ్గర స్తంభం మీద టప్ మని శబ్దం వచ్చింది” అన్నాడు. లైన్‌మన్ నేరుగా ఆ స్తంభం దగ్గరికే వచ్చాడు. పది నిమిషాల్లో ఫ్యాన్ తిరిగింది.

తాత ఎప్పుడూ కంప్యూటర్ ముట్టుకోలేదు. కానీ నేను విన్న వాటిల్లో బెస్ట్ బగ్ రిపోర్ట్ అదే. ఎందుకో చూద్దాం.

రిపోర్ట్‌లో ఏం ఉండాలి?

మనలో చాలామంది “యాప్ పని చేయట్లేదు” అని రాసి వదిలేస్తాం. అది “కరెంట్ లేదు” లాంటిదే. అబద్ధం కాదు, కానీ దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. డెవలపర్ తన ఫోన్‌లో అదే తప్పుని మళ్లీ రప్పించగలిగితే సగం పని అయిపోయినట్టే. దానికి మనం నాలుగు విషయాలు చెప్పాలి.

1. నేను ఏం చేశాను? వరుసగా, ఏదీ వదలకుండా. టైప్ చేశానా, కాపీ పేస్ట్ చేశానా అనేది కూడా.
2. ఏం జరుగుతుందనుకున్నాను?
3. నిజంగా ఏం జరిగింది? ఎర్రర్ మెసేజ్ వస్తే అక్షరం మార్చకుండా అదే.
4. ఎక్కడ జరిగింది? ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ వెర్షన్, యాప్ వెర్షన్.

ఇంకొకటి. ఎక్కడ పని చేస్తోందో కూడా చెప్పండి. “వైఫైలో వస్తోంది, మొబైల్ డేటాలో రావట్లేదు” అనే ఒక్క వాక్యం వెతికే చోటుని సగానికి తగ్గిస్తుంది. తాత “ఎడమ పక్క ఉంది” అన్నది ఇదే. మన ఊహని మాత్రం జరిగిందానితో కలపొద్దు. “సర్వర్ డౌన్ అయింది” అనేది ఊహ. “పది సెకన్లు తెల్ల స్క్రీన్ వచ్చింది” అనేది చూసింది. చూసింది ముందు రాయండి, ఊహ ఉంటే చివర్లో “నాకనిపించేది” అని రాయండి.

డూప్లికేట్ల సంగతి

ఒకే బగ్ గురించి వంద రిపోర్టులొస్తే డెవలపర్ టైమ్ అంతా చదవడానికే పోతుంది, సరిచేయడానికి మిగలదు. అందుకే మొజిల్లా వాళ్ల బగ్‌జిల్లా లాంటి సిస్టమ్‌లో ‘డూప్లికేట్’ అని ప్రత్యేకంగా ఒక ముద్రే ఉంటుంది. పాత రిపోర్ట్‌కి లింక్ పెట్టి కొత్తదాన్ని మూసేస్తారు.

కాబట్టి రాసే ముందు వెతకండి. మీ ఊహతో కాదు, లక్షణంతో వెతకండి. ఎర్రర్ మెసేజ్‌లోని మాటలతో ఒకసారి, వేరే మాటలతో ఇంకోసారి. ‘క్రాష్’ అని ఒకరు రాస్తే ‘ఆగిపోయింది’ అని ఇంకొకరు రాసుంటారు. మూసేసిన రిపోర్టుల్లో కూడా చూడండి, కొత్త వెర్షన్‌లో అది సరైపోయి ఉండొచ్చు. దొరికితే కొత్తది పెట్టకండి. అలాగని దాని కింద “నాకూ సేమ్” అని కూడా రాయకండి. అందులో లేని సంగతి మీ దగ్గరుంటే, వేరే ఫోనో వేరే వెర్షనో, అది చేర్చండి.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను.

నేను మూసేసిన రిపోర్ట్

ఈ సంక్రాంతి సెలవుల తర్వాత తిరిగి రావడానికి మన ఏరియా వాళ్లం కలిసి ఒక బస్ మాట్లాడుకున్నాం. గిద్దలూరు, కంభం, మార్కాపురం, పొదిలి మీదుగా. సీట్ల లిస్ట్ కోసం నేను చిన్న వెబ్ యాప్ రాశాను. క్లబ్ అభిమానంతో పేరు, ఎక్కే చోటు అన్నీ తెలుగులోనే టైప్ చేయాలని పెట్టాను.

ముందు రోజు రాత్రి వరసగా 31 మెసేజ్‌లు: “లిస్టులో నా పేరు రాలేదు.” చూస్తే పేజీ పాత కాపీనే చూపిస్తోంది. “రిఫ్రెష్ చేయండి” అని ఒకే జవాబు అందరికీ పెట్టి, అన్నీ డూప్లికేట్ అని మూసేసి పడుకున్నా.

అందులో ఒకటి ఒక జూనియర్ది. “అన్నా, రిఫ్రెష్ చేస్తే మొత్తం లిస్టులో నా పేరు ఉంది. మార్కాపూర్ రోడ్ స్టాప్ లిస్టులో మాత్రం లేదు. నేను యాడ ఎక్కాల?” అని రాసింది. నేను మొదటి లైన్‌లో ‘లిస్టు’ అనే మాట చూసి ఆపేశాను.

పొద్దున డ్రైవర్ దగ్గరున్న కాగితంలో ఆ స్టాప్‌కి ఎదురుగా సున్నా. బస్ స్టేషన్ వైపు తిరగలేదు. ఆ అమ్మాయి, వాళ్ల నాన్న చలిలో ఐదింటి నుంచి నిలబడ్డారు. ఆ రోజు తనకి ల్యాబ్ ఇంటర్నల్. అది పోయింది. మళ్లీ రాయించుకోడానికి వారం తిరిగింది.

తర్వాత అడిగా, “స్టాప్ పేరు ఏమని టైప్ చేశావ్?” అని. “టైప్ చేయలేదన్నా, ఒక వెబ్‌సైట్ నుంచి కాపీ చేసి పెట్టా” అంది. అక్కడ దొరికింది. ఆ ‘రోడ్’ చివర కంటికి కనపడని ఒక అక్షరం ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట్, వే కలిసిపోయి ఒత్తు పడకుండా ఆపేది అదే. తెలుగు టెక్స్ట్‌లో కొన్నిచోట్ల పదం చివర పొల్లు తర్వాత కూడా వస్తుంది. మనకి రెండు ‘రోడ్’లూ ఒకటే, కంప్యూటర్‌కి రెండూ వేరు. పోల్చే ముందు ఆ అక్షరాన్ని తీసేస్తే చాలు. ఒక్క లైన్ కోడ్.

ఇదే అక్షరం, పెద్ద కథ

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అవుతున్నాయని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. అందరూ ‘జ్ఞా’ అన్నారు. కానీ మామూలు జ్ఞాకి ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ తర్వాత ఈ కనపడని అక్షరం, ఆ తర్వాత దీర్ఘం వస్తేనే ఫోన్ తట్టుకోలేకపోయింది. మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ ఇంకా తవ్వి చూస్తే బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా అలాంటి వరుసలు దొరికాయి. అంటే తప్పు మన అక్షరంలో లేదు, దాన్ని గీసే కోడ్‌లో ఉంది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

“తెలుగు మెసేజ్ వస్తే ఫోన్ పోతోంది” అనేది లక్షలమంది చెప్పగలరు. “ఏ వరుసకి పోతోంది, ఏ వరుసకి పోవట్లేదు” అని చెప్పేదే రిపోర్ట్.

పంపే ముందు, మూసే ముందు

రిపోర్ట్ రాసేవాళ్లకి: పాతవి వెతికాక కూడా మీది కొంచెం వేరు అనిపిస్తే, ఆ తేడానే మొదటి వాక్యంగా పెట్టండి. “ఫలానా రిపోర్ట్ చూశాను, నాది వేరు, ఎందుకంటే...” అని మొదలుపెట్టండి.

రిపోర్ట్ చదివేవాళ్లకి, అంటే రేపు ఉద్యోగాల్లో చేరే మనందరికీ: లక్షణం ఒకటైనంత మాత్రాన కారణం ఒకటి కాదు. డూప్లికేట్ అని నొక్కే ముందు చివరి లైన్ వరకూ చదవండి.

ఆ జూనియర్‌కి సారీ చెప్పా. “పర్లేదన్నా, ఈసారి మొత్తం చదువు” అంది. యాప్‌లో ఇప్పుడు స్టాప్ పేరు టైప్ చేయక్కర్లేదు, లిస్టులోంచి ఎంచుకోవచ్చు. ఉగాది బస్‌కి వాడి చూడండి. తప్పు కనిపిస్తే తాతలాగా చెప్పండి.