చదవలేని కాగితంపై సంతకం పెట్టకండి

ప్రశ్న: మాది సోలాపూర్. అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో టవళ్ల కార్ఖానాలో పవర్‌లూమ్ నడుపుతాను. నూలు కోన్లు తగ్గాయని, నేనే తీశానని సేటు అంటున్నారు. మరాఠీలో రాసిన కాగితం మీద సంతకం పెడితే విషయం పోలీసుల దాకా పోదంటున్నారు. నాకు మరాఠీ చదవడం రాదు. ఏం చేయాలి?

జవాబు: సంతకం పెట్టకండి. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా కోర్టులో అది సాక్ష్యంగా చెల్లదు. సేటుకు రాసిచ్చిన కాగితానికి ఆ రక్షణ లేదు. బెదిరించి రాయించారని తర్వాత కోర్టును నమ్మించడం చాలా కష్టం. బయటికి పోనివ్వకుండా గదిలో ఆపితే అది మీ పట్ల జరిగిన నేరం. 112కు ఫోన్ చేయండి.

నూలు తగ్గినంత మాత్రాన దొంగతనం జరిగినట్టు కాదు. యజమాని అనుమతి లేకుండా, దురుద్దేశంతో తీసుకున్నారని ప్రాసిక్యూషన్ నిరూపించాలి. వేస్టేజీ, తూకంలో తేడా, లెక్కలో పొరపాటు నేరాలు కావు. అయినా తేలిగ్గా తీసుకోకండి. పనివాడు యజమాని సొత్తు దొంగిలించాడని రుజువైతే భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. అందుకే ఆ రోజు ఏ షిఫ్టులో ఉన్నారు, కోన్లు ఎవరిచ్చారు, ఎంత తూగాయి, వేస్టు ఎవరికి అప్పగించారు అన్నవి ఇప్పుడే రాసిపెట్టుకోండి. తూకం చీటీలు దాచండి. సీసీటీవీ రికార్డు చెరిపేయవద్దని సేటును రాతపూర్వకంగా కోరి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో తగిన అవసరం చూపకుండా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. పోలీసులు ముందుగా హాజరు కమ్మని నోటీసు ఇవ్వవచ్చు. అది అందితే తప్పకుండా వెళ్లండి, వెళ్లకపోతే అరెస్టుకు మీరే కారణం ఇచ్చినవారవుతారు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే మీ వాంగ్మూలంపై మీరు సంతకం పెట్టాల్సిన పని లేదు.

అరెస్టు చేస్తే కారణాలు మీకు అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలి. మహారాష్ట్ర నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 2025 నవంబరులో ఈ మాట స్పష్టం చేసింది. కాబట్టి తెలుగులో ఇవ్వమని అడగడం మీ హక్కు. ఇంటివారికి కబురు అందాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. పోలీసులు కొట్టినా, బలవంతంగా సంతకం తీసుకున్నా మేజిస్ట్రేటుకు చెప్పండి.

వకీలు ఫీజుకు భయపడి ఆగిపోకండి. పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉచిత వకీలును ఇస్తుంది. ఆకు, తంబాకు లెక్క తగ్గిందని నింద పడ్డ బీడీలు చుట్టే అక్కలకూ ఇదే వర్తిస్తుంది. జిల్లా న్యాయ సేవా ప్రాధికరణకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు పడేదాకా ఆగకుండా, సేటు కాగితం చూపించిన రోజే వెళ్తే మంచిది.