రాకెట్ క్రీడలు: ఆటగాడు, శిక్షకుడు, న్యాయనిర్ణేత

క్రీడారంగంలో విజయమనగానే మన కన్నులకు పతకధారియైన ఆటగాడే గోచరిస్తాడు. అతనిని తీర్చిదిద్దిన శిక్షకుడు అరుదుగా స్మరణకు వస్తాడు. ఆటస్థలం పక్కన ఎత్తైన కుర్చీలో ఆసీనుడైన అంపైరు సంగతి సరేసరి. నిర్ణయంలో పొరపాటు దొర్లినప్పుడు తప్ప అతనిని ఎవరూ తలచుకోరు. అయితే ఒక క్రీడ ఒక ప్రాంతంలో వేళ్లూనాలంటే ఈ ముగ్గురూ ఆ ప్రాంతంలోనే తయారు కావలసి ఉంటుందని మా అభిప్రాయం. మనకు సన్నిహితమైన బ్యాడ్మింటన్‌ను ఆధారంగా గైకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ఈ క్రీడకు 1934లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 2006లో అది ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య అనే పేరు ధరించింది. దాని కింద ఆసియా, ఐరోపా, ఆఫ్రికా, ఓషియానియా, అమెరికా ఖండాలకు ఐదు ప్రాంతీయ సమాఖ్యలు కలవు. వాటి కింద జాతీయ సంఘాలు, ఆపై రాష్ట్ర సంఘాలు, జిల్లా సంఘాలు వరుసగా పనిచేస్తాయి. ఆటగాడు జిల్లా పోటీల నుండి ప్రపంచ పోటీల వరకు ఎదిగినట్లే, అంపైరు కూడా రాష్ట్ర, జాతీయ, ఆసియా స్థాయి పరీక్షలను దాటి ప్రపంచ స్థాయికి చేరుకుంటాడు. శిక్షకులకు సైతం స్థాయీభేదంతో కూడిన శిక్షణ కలదు. కాగా, ఈ నిచ్చెన తొలిమెట్టు ఎక్కడో దూరదేశంలో లేదు. మన జిల్లాలోనే ఉన్నది.

శిక్షకుని ప్రాముఖ్యం గ్రహించడానికి హైదరాబాదు చరిత్రకు మించిన నిదర్శనం అవసరం లేదు. శిక్షకులను తయారుచేయడానికై 1961లో పాటియాలాలో జాతీయ క్రీడాసంస్థ నెలకొన్నది. హైదరాబాదులో శిక్షకవృత్తిని తపస్సుగా స్వీకరించిన జనాబ్ ఎస్.ఎం. ఆరిఫ్ సాహెబ్‌కు 2000లో ద్రోణాచార్య పురస్కారం, 2012లో పద్మశ్రీ లభించాయి. ఆయన శిష్యుడు పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యారు. 1980లో ప్రకాష్ పదుకొనే గెలిచిన తరువాత ఆ ఘనత భారతీయునికి దక్కడం అదే ప్రథమం. గోపీచంద్ ఆటతో తృప్తిచెందక తానూ శిక్షకుడై, 2008లో గచ్చిబౌలిలో శిక్షణాలయం ప్రారంభించారు. ఆయన శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం సాధించారు. ఒక దీపం మరొక దీపాన్ని వెలిగించడమంటే ఇదే. శిష్యుడు గురువైనప్పుడే విద్య ఆ నేలపై నిలుస్తుంది.

ఇక న్యాయనిర్ణేతల విషయం. పోటీ మొత్తానికి బాధ్యుడు రిఫరీ. ఒక్కొక్క ఆటకు బాధ్యుడు అంపైరు. సర్వీసులోని దోషాలను గమనించడానికి సర్వీస్ జడ్జి, షటిల్ ఎక్కడ పడినదో చెప్పడానికి లైన్ జడ్జీలు ఉంటారు. పూర్వం సర్వీసు చేసే పక్షానికే పాయింటు లభించేది. కనుక ఒక తప్పు నిర్ణయం వల్ల కొన్ని వేళల సర్వీసు మాత్రమే చేజారేది. 2006లో వచ్చిన మార్పుతో ప్రతి ర్యాలీకీ పాయింటు లభిస్తున్నది. అనగా నేడు ప్రతి తప్పు నిర్ణయానికీ ఒక పాయింటు మూల్యం. 2018 నుండి సర్వీసు సమయంలో షటిల్ నేల నుండి 1.15 మీటర్ల ఎత్తుకు లోబడి ఉండాలనే నియమం అమలులోకి వచ్చింది. ఇట్టి సూక్ష్మాలను ఊహతో నిర్ణయించరాదు, అభ్యాసం కావలెను. న్యాయం తెలియని మైదానంలో ఎంతటి ప్రతిభ అయినా వెలవెలపోతుంది.

ఈ శిక్షణ ప్రాంతీయంగానే ఎందుకు జరగాలని కొందరు ప్రశ్నించవచ్చు. దూరపు శిబిరాలకు వెళ్లడానికి ప్రయాణవ్యయం భరించలేని విద్యార్థులు మన కళాశాలల్లో ఎందరో ఉన్నారు. కుమార్తెలను పరాయి ఊరికి పంపడానికి సంశయించే తల్లిదండ్రులూ ఉన్నారు. శిబిరమే సమీపానికి వస్తే ఈ రెండు అడ్డంకులూ తొలగుతాయి. అంతేగాక, నియమావళి ఆంగ్లంలో కంఠస్థమైనంత మాత్రాన బోధపడినట్లు కాదు. సొంత భాషలో వివరించినప్పుడే సందేహం అడిగే ధైర్యం కలుగుతుంది. తెలుగు, ఉర్దూ రెండూ వర్ధిల్లే మనవంటి కళాశాలకు ఈ విషయంలో ప్రత్యేకమైన అవకాశం కలదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మూడు సూచనలు విన్నవించుకుంటున్నాము. మొదటిది: క్రీడానిధిని పోటీల ప్రయాణాలకే పరిమితం చేయక, కొంత భాగాన్ని శిక్షకుల, అంపైర్ల శిక్షణకు కేటాయించాలి. రెండవది: ఆట నియమాలను తెలుగులోనూ ఉర్దూలోనూ చిన్న పుస్తకంగా వెలువరించాలి. మూడవది: జట్టులోని ప్రతి విద్యార్థీ ఏడాదిలో కొన్ని ఆటలకైనా అంపైరుగా కూర్చోవాలి, కొత్తవారికి కొన్ని పాఠాలైనా నేర్పాలి. వీటికి పెద్ద భవనాలు అక్కరలేదు. ఒక కోర్టు, ఒక నెట్, కొంత ఓర్పు చాలు.

విద్యార్థులారా! జట్టులో స్థానం దొరకనంత మాత్రాన క్రీడాద్వారం మూసుకొనిపోయినట్లు భావింపవద్దు. పతకం కొందరికే దక్కుతుంది. కాని నేర్పడం, న్యాయం చెప్పడం అభ్యసించిన వారందరికీ సాధ్యమే. నేడు గీత దగ్గర నిలిచి షటిల్ లోపల పడినదా, వెలుపల పడినదా అని నిజాయితీగా చెప్పగల యువకుడు, రేపు జీవితంలోనూ అట్లే చెప్పగలడని మా విశ్వాసం.